కరెంటు బిల్లు, గ్యాస్ బండ రెండూ ఒకేసారి మీద పడ్డాయి. ముందు ఎక్కడ తగ్గించాలి? (బరంపురం, ఒడిశా)

గాంధీనగర్ కోడలు, బరంపురం:

అందరికీ నమస్కారం. మే నెల కరెంటు బిల్లు చూసి రాస్తున్నాను. 312 యూనిట్లు, పదహారు వందల చిల్లర. చలికాలంలో ఇదే ఇంట్లో 170 దాటేది కాదు. ఎండాకాలం కదా, పెరగదా అని మావారు తేలిగ్గా తీసేశారు. ఇంటి ఖర్చు పుస్తకంలో రాసేది నేను కాబట్టి టెన్షన్ కూడా నాదే.

దానికి తోడు గ్యాస్. ఒక బండ నెలా పది రోజులు వచ్చేది. ఇప్పుడు నెల తిరక్కుండానే అయిపోతోంది. వంటేమీ పెరగలేదు. పైగా ఈ ఎండలకు వారంలో సగం రాత్రులు మా ఇంట్లో పఖాళే (నీళ్లు పోసిన చద్దన్నం), ఉల్లిపాయ కొరుక్కుని తినేయడమే. పొయ్యి వెలిగించే పనే లేదు.

ఇంట్లో అత్తగారు, మామగారు, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. నాలుగు సీలింగ్ ఫ్యాన్లు, వాటిలో మూడు నా పెళ్లికి ముందువి. ఒక టన్ను ఏసీ ఒకటి, రాత్రి నాలుగైదు గంటలు వేస్తాం. పాత ఫ్రిజ్, ఒక హెచ్‌పీ మోటారు, టీవీ. బట్టలు చేత్తోనే ఉతుకుతాం.

గ్యాస్ ఖర్చు తగ్గుతుందని ఇండక్షన్ కొందామంటే ఇచ్ఛాపురంలో ఉన్న మా అప్ప వద్దంటోంది. కరెంటు బిల్లు కొంప ముంచుతుందట. యూట్యూబ్‌లో హైదరాబాద్ ఆయనెవరో కూడా అదే చెప్పాడు. మా పక్కింటి ఒడియా వాళ్లేమో ఎప్పటినుంచో అన్నం, దాల్మా అన్నీ ఇండక్షన్ మీదే వండుతున్నారు, బిల్లు మాకంటే తక్కువే. ఎవరి మాట నమ్మాలి?

ఫ్యాన్లు మార్చమని ఒకరు, ఏసీ మార్చమని ఇంకొకరు, సోలార్ పెట్టమని మా మరిది. అందరూ ఖర్చు చెప్పేవాళ్లే. పైసా పెట్టకుండా ముందు ఏం చేయొచ్చో చెప్పండి. ఆ తర్వాత కొనక తప్పదంటే, మూడు నాలుగు వేలలో కొనగలిగింది చెప్పండి.


పర్లాకిమిడి మెకానిక్:

అమ్మా, ముందు ఆ హైదరాబాద్ ఆయన్ని పక్కన పెట్టండి. ఆయన అబద్ధం చెప్పలేదు, ఆయన ఊరి లెక్క చెప్పాడు. మన ఇళ్లలో మాట్లాడేది తెలుగైనా బిల్లు వచ్చేది ఒడిశా రేటు మీద. ఈ వీడియోలు చూసి ఏసీ అమ్మేసిన వాళ్లు కూడా ఉన్నారు మా ఊళ్లో.

ఇక్కడ ఇంటి కనెక్షన్‌కు ఓఈఆర్‌సీ (ఒడిశాలో కరెంటు రేట్లు తేల్చే కమిషన్) వేసిన రేటు మొదటి 50 యూనిట్లకు మూడు రూపాయల దరిదాపుల్లో ఉంటుంది. అక్కణ్నుంచి 200 వరకు ఐదు లోపు. 200 నుంచి 400 వరకు ఆరు లోపు. 400 దాటితే ఆరు పైన. అంతే, ఆ పైన ఇంకో మెట్టు లేదు. మీ అప్పగారి ఆంధ్రలో 225 దాటిన యూనిట్‌కు ఎనిమిది రూపాయల పైనే పడుతుంది. ఆవిడ భయం ఆవిడకు న్యాయమే, మీకు మాత్రం ఆ భయం అక్కర్లేదు.

ఇంకోటి. 200 దాటితే బిల్లు మొత్తం పెద్ద రేటుకు వెళ్లిపోతుందని మా దగ్గరకు వచ్చే పదిమందిలో ఎనిమిది మంది అంటారు. వెళ్లదు. దాటిన యూనిట్లకే ఆ రేటు. మీ 312లో 112 యూనిట్లే ఆరు రూపాయల రకం. మీరు ఏది తగ్గించినా ముందు తగ్గేది ఆ 112లోంచే. కాబట్టి ఎండాకాలంలో మీరు మిగిల్చే ఒక్కో యూనిట్ విలువ ఐదు ముప్పావు అనుకోండి.

ఇక పైసా ఖర్చు లేని పని. మీటరు దగ్గరకు వెళ్లండి. ముందు భాగంలో ఒక చిన్న ఎర్ర లైటు మిణుకుతూ ఉంటుంది. దాని పక్కనో కిందనో 3200 ఐఎంపీ అని రాసుంటుంది. అంటే ఆ లైటు 3200 సార్లు వెలిగితే ఒక యూనిట్ అయినట్టు. కొన్ని మీటర్ల మీద వేరే అంకె ఉంటుంది, మీ దాని మీద ఏముందో చూసుకోండి.

ఇంట్లో అన్నీ ఆపేయండి. స్విచ్చులే కాదు, ఫ్రిజ్ ప్లగ్, టీవీ దగ్గర సెట్‌టాప్ బాక్స్ ప్లగ్ కూడా పీకేయండి. మెయిన్ మాత్రం ఆన్‌లోనే ఉంచండి. ఇప్పుడు ఐదు నిమిషాలు ఆ లైటు వంకే చూడండి. వెలగకూడదు. వెలిగిందా, మీకు తెలియకుండా ఎవరో తింటున్నట్టు. తడిసిన గోడలో వైరు లీకు కావచ్చు, మేడ మీద వాటా వాళ్ల లైను మీ మీటర్లోంచి పోతూ ఉండొచ్చు. ఇవి రెండూ నేను చూసినవే. ఆ రెండో రకం దొరికిన రోజు ఆ ఇంట్లో చిన్న యుద్ధం జరిగింది, నేను పైసలు కూడా అడక్కుండా వచ్చేశాను.

లైటు వెలగకపోతే ఒక్కొక్కటే వేస్తూ నిమిషానికి ఎన్నిసార్లు మిణికిందో రాసుకోండి. పాత ఫ్యాన్ ఫుల్ స్పీడులో 75 వాట్లు తింటుంది. నిమిషానికి నాలుగు సార్లు వెలగాలి. కొత్త బీఎల్‌డీసీ ఫ్యాన్ (కరెంటు తక్కువ తినే మోటారుది) అయితే 30 వాట్లు, రెండు సార్లు కూడా రాదు. మోటారు వేస్తే లైటు దాదాపు సెకనుకోసారి కొడుతుంది. అది చూశాక ట్యాంకు పొంగేదాకా మోటారు వదిలేయడం మీ మామగారు వాళ్లంతట వాళ్లే మానేస్తారు.

ఫ్రిజ్‌కు మటుకు ఈ లెక్క అంత కుదరదు, అది ఆగుతూ తిరుగుతూ ఉంటుంది. దాని తలుపు సందులో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగండి. నోటు ఈజీగా జారి వచ్చేస్తే రబ్బరు పోయినట్టే. వెనక నల్ల జాలీ మీద దుమ్ము దులపండి, గోడకు జానెడు దూరం జరపండి.

ఇన్వర్టర్ సంగతి మీరు రాయలేదు. బరంపురంలో ఆరుగురున్న ఇంట్లో ఇన్వర్టర్ లేదంటే నేను నమ్మను. ఉంటే బ్యాటరీ ఎన్నేళ్లదో చెప్పండి.


గుణుపురం టీచరమ్మ:

మెకానిక్ మాస్టారు కరెంటు చెప్పారు కాబట్టి నేను గ్యాస్ చెబుతాను. నేను హైస్కూల్లో సైన్స్ చెబుతాను, ఇంట్లో వంటా నాదే. రెండు వైపులా చూసిన మాట ఇది.

బండ తొందరగా అయిపోతోందంటే మొదట తూకం. బండ పైన చేతులు పట్టుకునే చోట ఖాళీ బండ బరువు గుద్దేసి ఉంటుంది, పదిహేను పదహారు కిలోల చిల్లర. దానికి 14.2 కలిపితే నిండు బండ బరువు. తెచ్చిన అబ్బాయిని త్రాసు మీద పెట్టి చూపించమనండి. అడగడం మన హక్కు, అతను మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనీ. సీలు ఊడి ఉంటే తీసుకోవద్దు.

తూకం సరిపోయిందంటే తప్పు పొయ్యిలోనే. రాత్రి వంటగది లైటు ఆపేసి పెద్ద బర్నర్ వెలిగించి చూడండి. మంట నీలంగా, పళ్ల వరసలా గుండ్రంగా ఉండాలి. పసుపు నాలుకలు పైకి లేస్తున్నా, ఒక పక్క ఎక్కువ ఒక పక్క తక్కువ ఉన్నా గ్యాస్ సరిగా కాలడం లేదని అర్థం. గిన్నెల అడుగు నల్లబడుతోందా? అదే సాక్ష్యం. బర్నర్ మూత తీసి వేడి నీళ్లలో నానబెట్టి, పిన్నీసుతో ఒక్కో రంధ్రం పొడిచి, బాగా ఆరాక పెట్టండి. పప్పు పొంగి కారినప్పుడల్లా ఆ రంధ్రాల్లో కొన్ని మూసుకుపోతాయి. పైపుకు, రెగ్యులేటర్ దగ్గర సబ్బు నురగ రాసి బుడగలు లేస్తున్నాయేమో చూడండి. ఇది పొదుపు కోసం కాదు, ప్రాణం కోసం.

వంటలో పెద్ద తేడా తెచ్చేవి తక్కువే. కందిపప్పు ముందే నానబెట్టడం, కుక్కర్ ఒక విజిల్ వచ్చాక మంట తగ్గించేయడం, మూత పెట్టి వండటం. నీళ్లు మరగడం మొదలయ్యాక మంట పెంచితే వంట తొందరగా అవ్వదు, ఆవిరి ఎక్కువ పోతుంది, అంతే. మా అత్తగారికి ఇది చెప్పడానికి నాకు చాలా కాలం పట్టింది, ఇంకా పూర్తిగా నమ్మలేదనుకోండి.

ఇక మీ ఇండక్షన్ ప్రశ్న. లెక్క వేసి చూపిస్తాను, మీ అప్పగారికి కూడా పంపండి. కిలో గ్యాస్‌లో ఉన్న వేడి కరెంటు లెక్కలో 12.8 యూనిట్ల దాకా ఉంటుంది. 14.2 కిలోలకు 180 యూనిట్ల పైచిలుకు. కానీ పొయ్యి మీద పెట్టిన గిన్నెకు చేరేది మూడింట రెండు వంతులే, మిగతాది వంటగదిని వేడెక్కిస్తుంది. అంటే ఒక బండతో మనకు దక్కేది 120 యూనిట్ల వేడి. ఇండక్షన్‌లో నూటికి ఎనభై అయిదు పాళ్లు గిన్నెకే పోతుంది కాబట్టి అదే వంటకు 140 యూనిట్లు చాలు.

ఇప్పుడు రేటు పెట్టండి. చలికాలంలో మీ 170కి ఈ 140 కలిస్తే 200 లోపు పడేది 30 యూనిట్లే, వాటికి ఐదు, మిగతా 110కి ఆరు వేసుకుంటే 810. ముందే 200 దాటిన నెలల్లో మొత్తానికి ఆరు వేసుకుంటే 840. బండ 900 అనుకుంటే, చలికాలంలో బండకు తొంభై మిగులుతుంది, ఎండాకాలంలో అరవై మిగిలితే గొప్ప. ఇచ్ఛాపురంలో 225 దాటాక ఎనిమిది రూపాయలు వేస్తే 1,120. మీ అప్ప చెప్పింది అక్కడికి నిజం, మీ పక్కింటి వాళ్లు చేస్తున్నది ఇక్కడికి నిజం.

బిల్లు గడువులోపు కడితే, ఆన్‌లైన్‌లో కడితే రిబేట్ ఇస్తారు. పెద్ద మొత్తం కాదు గానీ ఊరికే వదులుకోవడం ఎందుకు.


సిరోంచ తమ్ముడు:

అక్కా, ఈ లెక్క చూసి మహారాష్ట్ర వైపు మన తెలుగోళ్లు ఎవరూ ఇండక్షన్ కొనకండి. మా దగ్గర వంద యూనిట్ల దాకా ఒక రేటు, వంద దాటిన యూనిట్‌కు దాదాపు రెట్టింపు. ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు ఉంటే చాలు, వంద దాటేస్తాం. ఇండక్షన్ పెడితే ఆ యూనిట్లన్నీ పై రేటులో పడతాయి. మాకు గ్యాసే నయం, ఊళ్లలో ఇంకా కట్టెల పొయ్యి కూడా ఉంది.

నది అవతల మా బావ వాళ్లది తెలంగాణ. రేషన్ కార్డు మీద 200 యూనిట్ల దాకా జీరో బిల్లు, 2024 నుంచి. మాకు ఇటు పక్క నుంచి వాళ్ల లైట్లు కనిపిస్తాయి. ఇంకేం చెప్పను.


గాంధీనగర్ కోడలు:

మాస్టారూ, ఇన్వర్టర్ ఉంది. మెట్ల కింద ఉంటుంది, ఎవరూ దాని వంక చూడరు. మీరు చెప్పినట్టే నిన్న సాయంత్రం అన్నీ ఆపేసి మీటరు దగ్గర నిలబడ్డాను. పిల్లలకు ఆట, మా మామగారు గడియారం పట్టుకున్నారు. 3200 అనే ఉంది. అన్నీ ఆపినా నిమిషానికి మూడు సార్లు వెలుగుతోంది! పిన్ని కొడుకు వచ్చి ఇన్వర్టర్ ప్లగ్ పీకగానే ఆగిపోయింది. బ్యాటరీ మా చిన్నదాని కంటే పెద్దది. చిన్నది రెండో తరగతి.

పెద్ద బర్నర్ మంట కూడా చూశాను టీచర్ గారూ. ఒక పక్క అంతా పసుపు. పాల గిన్నె అడుగు ఎందుకు నల్లగా అవుతోందా అని పనమ్మాయిని కసురుకునేదాన్ని. పిన్నీసుతో పొడిస్తే మాడిన పప్పు పొడిపొడిగా రాలింది. మంట ఇప్పుడు నీలంగా ఉంది.

ఫ్యాన్లలో హాల్‌ది, అత్తగారి గదిది నిమిషానికి నాలుగు, నాలుగున్నర. అవి రెండూ దాదాపు రాత్రీ పగలూ తిరుగుతాయి. హాల్ ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతోందని కండెన్సర్ మారిస్తే కరెంటు కూడా తగ్గుతుందని షాపులో చెప్పారు. నిజమేనా? సోలార్ సంగతి ఎవరూ చెప్పలేదు, మరిది రోజూ అడుగుతున్నాడు.


పర్లాకిమిడి మెకానిక్:

నిమిషానికి మూడు అంటే 56 వాట్లు. రోజంతా, నెలంతా. నెలకు 40 యూనిట్లు అమ్మా, పై రేటులో రెండొందల ముప్పై రూపాయలు. బ్యాటరీ ముసలిదైతే ఎంత ఎక్కించినా నిండినట్టు దానికి తెలియదు, ఇన్వర్టర్ ఎక్కిస్తూనే ఉంటుంది. ముట్టుకుంటే వెచ్చగా ఉండాలే. డిస్టిల్డ్ వాటర్ లెవెల్ చూడండి, తగ్గి ఉంటే పోయండి, కుళాయి నీళ్లు పోయొద్దు. పోసి, నిండా చార్జ్ అయ్యాక మళ్లీ లెక్కపెట్టండి. అప్పటికీ మూడే వస్తే బ్యాటరీ మార్చాల్సిందే. అంతవరకు కరెంటు పోయే కాలం కాకపోతే ప్లగ్ తీసి ఉంచండి, పది పదిహేను రోజులకోసారి చార్జ్ పెట్టండి.

కండెన్సర్ వేస్తే స్పీడు వస్తుంది, కరెంటు తగ్గదు. యాభై వంద రూపాయల పని, గాలి రావడం లేదంటే వేయించుకోండి, బిల్లు కోసం కాదు.

ఫ్యాన్లు నాలుగూ మార్చొద్దు. హాల్‌ది, అత్తగారి గదిది మాత్రమే. రోజుకు ఇరవై గంటలు తిరిగే ఫ్యాన్‌ను బీఎల్‌డీసీ చేస్తే ఒక్కోదానికి నెలకు 27 యూనిట్లు తగ్గుతుంది, నూట యాభై రూపాయల పైన. ఫ్యాన్ మూడు వేల లోపు వస్తుంది. ఏడాదిన్నర, రెండేళ్లలో పెట్టిన డబ్బు వచ్చేస్తుంది. పిల్లల గదిలో రాత్రి మాత్రమే తిరిగే ఫ్యాన్ మారిస్తే ఆ డబ్బు రావడానికి నాలుగైదేళ్లు. మీరు చెప్పిన బడ్జెట్‌లో ఇప్పుడు ఒకటి, దసరాకు ఇంకోటి. రిమోట్‌తో వస్తాయి, పాత డబ్బా రెగ్యులేటర్ తీయించేసి డైరెక్ట్ కనెక్షన్ ఇవ్వమనండి, లేకపోతే ఫ్యాన్ బోర్డు పోతుంది.

ఇండక్షన్ కొంటే మాత్రం ఒక జాగ్రత్త. అది రెండు వేల వాట్లు లాగుతుంది. మిక్సీ పెట్టే చిన్న సాకెట్‌లో పెట్టొద్దు, కాలిపోతుంది. పదహారు ఆంపియర్ల సాకెట్, దానికి విడిగా లావు వైరు ఉండాలి. మీ గిన్నెల అడుగుకు అయస్కాంతం పెట్టి చూడండి, అతుక్కోకపోతే పనికిరావు. అల్యూమినియం కుక్కర్ అసలే పనికిరాదు. గిన్నెలన్నీ కొత్తవి కొనాల్సి వస్తే టీచర్ గారు చెప్పిన ఆ మిగులు రెండేళ్ల దాకా వాటికే సరి.


ఛత్రపురం రిటైర్డ్:

సోలార్ మా మేడ మీద ఉంది కాబట్టి నేను చెబుతాను. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు కేంద్రం 78,000 సబ్సిడీ ఇస్తుంది, దాని పైన ఒడిశా ప్రభుత్వం కూడా కలుపుతుంది. కిలోవాట్‌కు రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయి. అంటే 3 కిలోవాట్లకు నెలకు 360 దాకా. మీ 312కు సరిపోతుంది, కానీ అది మీ మే నెల వాడకం. చలికాలంలో 170 వాడే ఇంటికి 3 కిలోవాట్లు ఎక్కువే, 2 సరిపోతుందేమో చూసుకోండి. మన దగ్గర కరెంటు చవక కాబట్టి పెట్టిన డబ్బు రావడానికి ఆంధ్రలో కంటే ఎక్కువ కాలం పడుతుంది. ఈ మాట అమ్మేవాడు చెప్పడు.

మన గంజాం జిల్లాలో అడగాల్సిన అసలు ప్రశ్న గాలి. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి మా వీధిలో రేకులు కాగితాల్లా ఎగిరాయి. సన్న ఇనుప పైపుల మీద ఎత్తుగా ప్యానెళ్లు లేపి కింద బట్టలు ఆరేసుకుంటాం అంటే అప్పుడు నష్టపోయేది మీరే. స్లాబుకు దగ్గరగా, గాల్వనైజ్డ్ ఫ్రేము, స్లాబులోకి దింపిన యాంకర్ బోల్టులు ఉండాలి. కొటేషన్‌లో ఎంత గాలి వేగానికి తట్టుకుంటుందో రాయించుకోండి. ఇన్సూరెన్స్ చేయించండి.

తుపాను వచ్చి కరెంటు పోయినప్పుడు సోలార్ ఉంది కదా అని మురిసిపోకండి. బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ (కరెంటు లైనుకు కలిపిన) సోలార్ లైను పోగానే తనూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకూడదని అలా పెట్టారు. ఫైలిన్ తర్వాత మాకు కరెంటు వచ్చేసరికి చాలా రోజులు పట్టింది. అలాంటి రోజుల కోసమైతే మీ ఇన్వర్టరే దిక్కు, ఆ బ్యాటరీ సంగతి ముందు చూడండి.


గాంధీనగర్ కోడలు:

అందరికీ థాంక్స్. సోలార్ ఈ ఏడాదికి వద్దని మరిదికి చెప్పేశాను, ఫైలిన్ పేరెత్తగానే మామగారు కూడా నా వైపే. హాల్‌కు ఫ్యాన్ ఒకటి కొంటున్నాం. ఇండక్షన్ నవంబర్‌లో చూస్తాను, అప్పటికి యూనిట్లు 200 లోపుకు దిగుతాయి కాబట్టి. అయస్కాంతం పెట్టి చూస్తే స్టీలు గిన్నెల్లో సగం అతుక్కున్నాయి, అత్తగారి ఇత్తడి గంగాళం అతుక్కోలేదు, దాన్ని ఇండక్షన్ ఎక్కించే ధైర్యం నాకు ఎలాగూ లేదు.

మాస్టారూ, ఒక్కటి అడగాలి. బ్యాటరీలో నీళ్లు పోశాక ఆరు గడుల్లో ఐదు మామూలుగా ఉన్నాయి, ఒక దాంట్లో మాత్రం బుడగలు వస్తున్నాయి. అది అంతేనా?


పర్లాకిమిడి మెకానిక్:

ఆ గడి చచ్చిపోతోందమ్మా. ఇంకో చార్జ్ చూసి, తగ్గకపోతే పాత బ్యాటరీ ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చి కొత్తది తీసుకోండి. సీసం బరువు మీద రేటు కడతారు, ఇద్దరు ముగ్గురు షాపుల్లో అడిగి ఇవ్వండి. గది కిటికీ తెరిచి ఉంచండి, దాని దగ్గర అగరుబత్తి కూడా వెలిగించొద్దు.